స్వరూప చేసిన తప్పు

నేను రామగుండం వెళ్లింది ఒకే ఒక్క మాట చెప్పడానికి. ఫోన్‌లోనే చెప్పేయొచ్చు. కానీ ఆ మాట వింటున్నప్పుడు స్వరూప మొహం చూడాలనిపించింది. అందుకే మండుటెండల్లో, అందరూ వద్దంటున్నా, కాకినాడ నుంచి బయల్దేరాను. తిరిగొచ్చి పది రోజులు దాటింది. ఆ నేలమీద చూసినవీ విన్నవీ ఇంకా నాలో కుదురుకోలేదు.

ముందు ఆ మాటేమిటో చెప్పాలి. స్వరూప, నేను ఒకప్పుడు హైదరాబాద్‌లో ఒకే ల్యాబ్‌లో పరిశోధన చేసేవాళ్లం. మేం పనిచేసింది కార్బీన్ల మీద. మామూలుగా కార్బన్ పరమాణువు నాలుగు చేతులతో పక్కవాటిని పట్టుకుని ఉంటుంది. కార్బీన్‌లో రెండు చేతులే పట్టు దొరికి, మిగతా రెండూ ఖాళీగా ఉంటాయి. అందుకని అది ఏది కనిపిస్తే దాన్ని పట్టేసుకుంటుంది, క్షణం నిలవదు. దాన్ని నిలబెట్టి చూడాలంటే ఆర్గాన్ అనే వాయువును గడ్డకట్టించి, ఆ మంచులో బంధించాలి. ఆ మంచు చలి మనం ఊహించే చలి కాదు. అంతకంటే కింద చలి అంటూ ఇక లేదనే చోటుకి రెండు మూడు మెట్లు పైన.

స్వరూప ఆ మంచులో కార్బీన్ పక్కనే కార్బన్ డయాక్సైడ్‌ని కూడా పెట్టింది. మనం ఊపిరి వదిలినప్పుడు బయటికొచ్చే గాలే. అది బద్ధకపు గాలి, అంత తేలిగ్గా దేనితోనూ కలవదు. ఈ కార్బీన్‌తో కలవాలన్నా మధ్యలో ఒక గుట్ట ఎక్కి దిగాలి. ఎక్కడానికి వేడి కావాలి, ఆ మంచులో వేడి లేదు. కాబట్టి ఏమీ జరగకూడదు.

జరిగింది. చీకట్లో వదిలేసి వచ్చి చూస్తే కార్బీన్ తగ్గింది, రెండూ కలిసిన కొత్త పదార్థం పుట్టింది. మా గైడు వెలుతురు పడి ఉంటుందన్నాడు. నల్లగుడ్డ కట్టి మళ్లీ చేసింది, మళ్లీ అదే. వేడెక్కి ఉంటుందన్నాడు. చలి ఇంకా పెంచి చేసింది, మళ్లీ అదే. చివరికి నీ పద్ధతిలోనే తప్పుందన్నాడు. కమిటీ కూడా ఆ మాటే అంది. నేను పక్కనే ఉండి చూశానని చెప్పినా ఎవరూ చెవిన పెట్టలేదు. స్వరూప పరిశోధన మధ్యలో వదిలేసి తన ఊరి వైపు వెళ్లిపోయింది. గోదావరిఖనిలో డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతోంది.

ఈ వేసవిలో ఏదో వెతుకుతుంటే ఒక విదేశీ ల్యాబ్ వాళ్ల వ్యాసం కంటపడింది. కార్బీన్, కార్బన్ డయాక్సైడ్, ఆర్గాన్ మంచు, చీకటి. స్వరూప చూసిందే వాళ్లూ చూశారు. కారణం కూడా చెప్పారు. దాని పేరు క్వాంటం టన్నెలింగ్. అంత చిన్న లోకంలో పరమాణువు అలలా కూడా ఉంటుంది. గుట్ట ఎక్కకుండానే అవతలి వైపు తేలే అవకాశం దానికి కాస్త ఉంటుంది. హైడ్రోజన్ లాంటి తేలికైన వాటికి ఇది మామూలే. కార్బన్ లాంటి బరువైనవి, అదీ రెండు వేరువేరు అణువులు కలిసేచోట, ఇలా దాటతాయని మా రోజుల్లో ఎవరూ అనుకోలేదు. మళ్లీ మొదటినుంచి చదివి, టికెట్ తీసుకున్నాను.

రామగుండం స్టేషన్

రైలు దిగగానే ఎండ మొహం మీద కొట్టినట్టయింది. మా కాకినాడలో ఎండకి చెమట కారుతుంది. ఇక్కడ చెమట పట్టేలోపే ఆరిపోతుంది. దూరంగా కరెంటు ఫ్యాక్టరీ పొగ గొట్టాలు, వాటి పక్కన ఆవిరి కక్కే లావు బురుజులు. స్వరూప ఒకప్పుడు మంచులో బంధించిన గాలి ఇక్కడ ఆకాశంలోకి రోజంతా పోతూనే ఉంది.

నా చేతిలో సంచి బరువుగా, జిడ్డుగా ఉంది. స్వరూప కోసం తెచ్చిన గొట్టం కాజాల పాకం ఎండకి కరిగి, డబ్బా దాటి, నా చీరల్లోకి దిగింది. రెండు చీరలు పోయాయి. ఉన్న మూడో చీరతోనే ఈ యాత్రంతా చేశాను.

షేరింగ్ ఆటోలో ముప్పై రూపాయలు. నా పక్కన కూర్చున్న పెద్దావిడ నన్ను ఎగాదిగా చూసింది.

"ఎవలింటికి పోతున్నవ్ బిడ్డా?"

"సెంటినరీ కాలనీలో నా స్నేహితురాలి ఇంటికండీ."

"ఆమె పెనిమిటిది ఏ షిఫ్టు?"

నాకు తెలియదన్నాను. ఆవిడకి అది వింతగా తోచింది. మా వైపు కొత్త మనిషి కనబడితే ఏ ఊరు, ఎవరి తాలూకు అని అడుగుతారు. ఈ బొగ్గు గనుల ఊళ్లలో షిఫ్టు తెలిస్తే ఆ ఇంట్లో ఎప్పుడు తలుపు కొట్టొచ్చో, ఎప్పుడు మెల్లగా మాట్లాడాలో తెలిసిపోతుంది. "తెల్సుకొని పోవాలె బిడ్డా. నైటు షిఫ్టు జేసి పండుకున్నోన్ని లేపితే పాపం," అని చెప్పి, సంచిలోంచి సర్వపిండి ముక్క తుంచి నా చేతిలో పెట్టింది. బియ్యప్పిండి, పల్లీలు, నువ్వులు, నాలుక చురుక్కుమనే కారం. గిన్నెకి అంటుకుని మాడిన అంచు దానికి ప్రాణం.

సెంటినరీ కాలనీ

వరసగా ఒకేలాంటి క్వార్టర్లు. స్వరూప గేటు దగ్గరే నిలబడి ఉంది. కాస్త ఒళ్లు చేసింది, జుట్టు నెరిసింది, నవ్వు మారలేదు.

"ఎండలు సల్లబడ్డంక రారాదె? గింత ఆగమేందే నీకు?" అంది.

ఆమె భర్త తిరుపతి అండర్‌గ్రౌండ్ గనిలో పనిచేస్తాడు. సెకండ్ షిఫ్టుకి తయారవుతూనే నాకు పీట వేశాడు. అన్నంలోకి పచ్చిపులుసు, పప్పు, చల్ల మిరపకాయలు. మేం చింతపండు పులుసంటే గంటసేపు మరిగిస్తాం. వీళ్లు పొయ్యి ఎక్కించకుండానే చేత్తో పిసికి, ఉల్లిపాయ వేసి, అన్నంలో పోసేస్తారు. ఆ ఎండకి అంతకంటే హాయైన తిండి లేదు.

రెండో ముద్ద నోట్లో పెట్టుకున్నానో లేదో, నేల ఒక్కసారి కదిలింది. కిటికీ రెక్కలు టకటకలాడాయి. అల్మారాలో స్టీలు గిన్నెలు ఒకదానికొకటి కొట్టుకున్నాయి. నేను ఎంగిలి చేత్తో వీధిలోకి పరుగెత్తాను. వీధిలో ఎవరూ తలెత్తి కూడా చూడలేదు. ఎదురింటావిడ వడియాలు తిప్పుతోంది.

"ఓపెన్‌కాస్ట్ గనిల బ్లాస్టింగ్ అక్కా. రోజుండేదే. ఫికర్ చెయ్యకుండ తినుండ్రి," అన్నాడు తిరుపతి. స్వరూప నవ్వు ఆపుకోలేక గోడకి ఆనుకుంది.

తిరుపతి వెళ్లాక మాట కదిపాను. "మన ల్యాబ్ గురించి ఒకటి చెప్పాలి స్వరూపా."

"అబ్బా, గా ల్యాబు ముచ్చట ఇప్పుడెందుకే. యాదికొస్తె నవ్వొస్తది," అని చేయి కడుక్కోవడానికి లేచింది. ఆమె గొంతులో బాధ ఉంటుందనుకున్నాను. అది కనబడలేదు. నిజంగానే నవ్వుతున్నట్టుంది. అది నాకు అంతుపట్టలేదు. సరే, రేపు తీరిగ్గా చెబుదామనుకున్నాను. మర్నాడు పొద్దున వాళ్ల తమ్ముడు సదానందం పొలానికి వెళ్లి ముంజలు తినాలని అప్పటికే ఏర్పాటు చేసింది.

బాయి దగ్గర

పొద్దున తిరుపతి తను బండి మీద మా వెనకే వస్తానని, మాకోసం ఆటో మాట్లాడాడు. కాలనీ దాటి సగం దూరం పోయామో లేదో స్వరూపకి ఫోన్ వచ్చింది. విన్నది. ఫోన్ చెవి దగ్గరే ఉంచుకుని నా వైపు తిరిగింది.

"తమ్ముడు బాయిల పడ్డడట."

ఈ ప్రాంతంలో గనిని కూడా బాయే అంటారు. బాయి పనికి పోతున్న అంటే గనికి పోతున్నానని. అందుకే నేను, "మీ తమ్ముడు వ్యవసాయం కదా?" అన్నాను. ఆమె ఆటో అతనికి "జల్ది పోనియ్యి అన్నా" అని మాత్రం అంది.

అది పొలంలోని పాత వ్యవసాయ బావి. చాలాకాలంగా వాడక, అడుగున ఆకులూ చెత్తా కుళ్లి ఉన్నాయి. వానలకు ముందు మోటారు సరిచేద్దామని సదానందం దిగాడు. బావిలో సగం లోతున మోటారు కోసం కట్టిన గట్టు ఉంది. దాని మీదే బోర్లా పడి ఉన్నాడు. చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి. పైనుంచి చూస్తే నిద్రపోతున్నట్టుంది. అతని భార్య బావి ఒడ్డున మట్టిలో కూలబడి పేరు పెట్టి పిలుస్తోంది. అతను కదలడం లేదు.

పక్క పొలం ఓదెలు మూతికి తువ్వాల కట్టుకుని అప్పటికే మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. స్వరూప వెళ్లి వెనకనుంచి అతని అంగీ పట్టుకుంది.

"ఓదెలన్నా, దిగకు."

"పిల్లగాడు కండ్ల ముందట సస్తుంటే సూస్కుంట నిలవడుమంటవా?"

"దిగితె నువ్వు గూడ ఆని మీదనే పడ్తవ్. లోపట గాలి లేదు. తువ్వాల గట్టుకుంటె ఆగేది గాదు అది."

"ఇడువు చెల్లె."

ఆమె విడవలేదు. నేను వెళ్లి అతని రెండో చేయి పట్టుకున్నాను. స్వరూప ఒక చేత్తో అతన్ని పట్టుకునే, బకెట్‌లో పాతగుడ్డ అంటించి తాడుతో దింపమని తిరుపతికి చెప్పింది. బకెట్ దిగుతోంది, గుడ్డ మండుతోంది. గట్టుకి మనిషెత్తు పైన ఉండగానే మంట ఆరిపోయింది. ఊది ఆర్పినట్టు కాదు. పక్కకి వాలి, చిన్నదై, లేకుండా పోయింది. ఓదెలు కాలు వెనక్కి తీసుకున్నాడు.

కార్బన్ డయాక్సైడ్ గాలికంటే బరువు, పల్లంలో పేరుకుంటుంది, మంటని ఆర్పేస్తుంది. ఇది నేను మా కాలేజీలో ప్రతి సంవత్సరం పిల్లలకి చెబుతాను. సిలిండర్‌లో ఉన్న ఆ గాలిని ఏళ్ల తరబడి నా చేత్తో తిప్పాను, కొలిచాను. అది ఒక మనిషి మీద నీళ్లలా నిండి ఉండగా చూడటం అదే మొదటిసారి. కంటికేమీ కనబడదు. బావి ఖాళీగా, మామూలుగా ఉంది. ఏం చేయాలో నాకు తోచలేదని ఒప్పుకోక తప్పదు.

"మందు కొట్టే పవర్ స్ప్రేయర్ ఎవలింట్ల ఉన్నది?" అంది స్వరూప.

ఓదెలే పరుగెత్తి తెచ్చాడు. దాని గొట్టానికి ప్లాస్టిక్ పైపు తగిలించి, చివర సదానందం తల దగ్గరికి వచ్చేలా వదిలి, గాలి కొట్టడం మొదలుపెట్టారు. పైపు జారిపోకుండా నేను పట్టుకున్నాను. ఇద్దరు వేపకొమ్మల మోపుని తాడుకి కట్టి పైకీ కిందికీ ఆడించసాగారు, లోపలి గాలి కదలాలని. తిరుపతి గని రెస్క్యూ వాళ్లకి ఫోన్ చేశాడు. ఆ ఎదురుచూపు ఎంతసేపో నాకు తెలియదు. స్ప్రేయర్ ఇంజను మోత, సదానందం భార్య ఏడుపు, రెండే వినబడ్డాయి. స్వరూప ఏడవలేదు. బావి అంచున బోర్లా పడుకుని, తమ్ముడి వీపు వైపే చూస్తూ, "ఊపిరి తీస్తున్నడు, ఊపిరి తీస్తున్నడు," అంటూనే ఉంది. మాకెవరికీ అది కనబడలేదు.

రెస్క్యూ వాళ్లు వచ్చారు. వీపున సిలిండర్లు, మొహానికి మాస్కులు. ఇద్దరు దిగి, అతనికో మాస్కు తొడిగి, తాళ్లతో కట్టి పైకి పంపారు. ఒడ్డున పడుకోబెట్టాక అతని పెదాలు నీలంగా ఉన్నాయి. కాసేపటికి దగ్గాడు. ఆ దగ్గు విని ఓదెలు అక్కడే కూర్చుండిపోయి తువ్వాలలో మొహం దాచుకున్నాడు.

ఆ చెడుగాలి గట్టు దగ్గర మంటని ఆర్పేంత ఉన్నా, అడుగున ఉన్నంత చిక్కగా లేదట, అందుకే బతికాడన్నారు. ఇంకొక్క మెట్టు దిగి ఉంటే దక్కేవాడు కాదు. ఓదెలు దిగి ఉంటే ఇద్దరు.

దవాఖాన

గోదావరిఖనిలో దవాఖానలో చేర్పించాం. సాయంత్రం వరండా బల్ల మీద స్వరూప, నేను కూర్చున్నాం. ఇరవై రూపాయలకి రెండు చాయ్‌లు తెచ్చాను. ఆమె గ్లాసు పట్టుకుంది కానీ తాగలేదు. ఏదో ఒకటి మాట్లాడి ఆమెని ఈ లోకంలోకి తేవాలనిపించింది. తెలివి తక్కువగా, "స్వరూపా, నేను అసలు ఆ కార్బన్ డయాక్సైడ్ గురించే చెప్పడానికొచ్చాను," అన్నాను.

ఆమె నా వైపు చూసిన చూపు నేనెప్పుడూ మరచిపోలేను.

"గా గాలి పేరు తియ్యకు పద్మా. ఇయ్యాల తియ్యకు."

ఇంత దూరం వచ్చి, చెప్పకుండానే తిరిగి వెళ్లాల్సి వస్తుందేమో అనుకున్నాను. వెళ్లినా తప్పులేదనిపించింది.

మర్నాడు పొద్దున సదానందం లేచి కూర్చున్నాడు. గొంతు బొంగురుపోయింది, తలనొప్పి అంటున్నాడు, కానీ జొన్నరవ్వతో కాచే గటక కావాలని అడిగాడు. స్వరూప నవ్వి, అప్పుడు ఏడ్చింది. తర్వాత మరదలితో కలిసి ఏదైనా తేవడానికి కిందికి వెళ్లింది.

అప్పుడే రక్తం తీసుకోవడానికి ల్యాబ్ టెక్నీషియన్ వచ్చింది. మౌనిక అని, ఇరవై అయిదు దాటని అమ్మాయి. స్వరూప దగ్గర డిగ్రీ చదివిందట. సీసా మీద పేరు రాసి, చదువుకుని, సదానందం చేతి పట్టీ మీది పేరుతో ఇంకోసారి సరిచూసింది.

"బాగా జాగ్రత్తగా చేస్తావే," అన్నాను.

"మేడమే నేర్పిండ్రు. మేడం రీసెర్చిల ఒక తప్పు జేసిండ్రట గదా, మాకు ఫైనలియర్ల ఫస్టు క్లాసుల గదే చెప్పిండ్రు. చీకట్ల పెట్టిన అనుకున్నరట, వెలుతురు వచ్చుడు చూస్కోలేదట. ఎన్నిసార్లు జేసినా గదే తప్పట. కొత్తది కనిపెట్టిన అనుకొని సంబరపడితె అంత ఉత్తదేనట. అందుకే మీరు అన్ని రెండుసార్లు చూడుండ్రి అని చెప్తరు. ప్రతి బ్యాచుకు చెప్తరు మేడం."

మౌనిక వెళ్లిపోయింది. నేను నిలుచున్నచోటే ఉండిపోయాను. ముందు రోజు బావి అంచున కూడా నాకింత దెబ్బ తగల్లేదేమో. నా లెక్కలో స్వరూప అన్యాయాన్ని గుండెలో దాచుకుని బతుకుతున్న మనిషి. నేను వెళ్లి న్యాయం జరిగిందని చెబుతాను, ఆమె కళ్లు తుడుచుకుంటుంది. రైలంతా అదే ఊహించుకుంటూ వచ్చాను. ఆమె దాచుకున్నది ఏమీ లేదు. వాళ్లు చెప్పిందే నమ్మేసింది. నమ్మి, ఏటేటా పిల్లల ముందు నిలబడి తన తప్పుగా చెప్పుకుంటోంది.

ఆమె ఇడ్లీ పొట్లంతో వచ్చాక వరండాలోకి పిలిచాను. గాలి పేరు తీయనివ్వదేమో అనుకుంటూనే, "మౌనిక చెప్పింది," అన్నాను.

ఆమెకి అర్థమైంది. "అవును, చెప్త. పిల్లలు నేర్చుకుంటరు గదనే."

"అది తప్పు కాదని నీకు తెలుసు కదా? నల్లగుడ్డ నువ్వూ నేనూ కలిసి కట్టాం."

"గైడు తప్పన్నడు, కమిటీ తప్పన్నది. నేనొక్కదాన్నే గాదు గాదు అనుకుంట ఎన్నేండ్లుంటనే? మెల్లమెల్లగ నాకు గూడ గట్లనే అనిపించింది. గుడ్డ సరిగ్గ కట్టలేదు కావచ్చు. ఇప్పుడు యాది జేసుకుంటె, కిటికీల నుంచి వెలుతురు పడ్డట్టే కనబడ్తది నాకు."

"స్వరూపా, ఆ గదికి కిటికీ లేదు."

ఆమె నా మొహంలోకి చూసింది. చేతిలో ఇడ్లీ పొట్లం అలాగే ఉంది. మెల్లగా బల్ల మీద కూర్చుంది.

"లేదా?"

"లేదు. ఉక్కపోతకి చచ్చేవాళ్లం. నువ్వే రోజూ తిట్టుకునేదానివి."

నేను ఫోన్‌లో ఆ వ్యాసం తెరిచి ఇచ్చాను. ఆమె చదవడం మొదలుపెట్టింది. మొదట త్వరగా చదివింది. తర్వాత వెనక్కి వెళ్లి, ఒక్కో వాక్యం పెదాలతో పలుకుతూ చదివింది. గీతల బొమ్మ దగ్గర వేలితో పెద్దది చేసి, ఒక చోట ఆగి, అలాగే చూస్తూ ఉండిపోయింది. లోపల సదానందం దగ్గుతున్నాడు. ఆ దగ్గు వినబడినప్పుడల్లా తలెత్తి లోపలికి చూసి, మళ్లీ చదువుతోంది.

"వేడి కొంచెం పెంచితే జల్ది అయిందా?" అని అడిగింది. ఎన్నో ఏళ్ల తర్వాత ఆమె గొంతులో ఆ పాత స్వరూప వినబడింది.

"లేదు. చలి పెంచినా తగ్గించినా అదే వేగం."

"నాకు గూడ గట్లనే అయింది," అంది. "గుట్ట ఎక్కేదైతే వేడికి జల్ది గావాలె. గాలేదు. గప్పుడే అనుకున్న, ఇది ఎక్కి పోతలేదు అని. అనుకొని, ఆయనకు చెప్దామని పోయి..."

చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నేను పక్కన కూర్చున్నాను. ఆ వ్యాసంలో ఆమె పేరు లేదు, ఉండే వీలూ లేదు. ఆ సంగతి ఆమె అడగలేదు, నేనూ ఎత్తలేదు. ఫోన్ నా చేతికిచ్చి, "ఎన్ని బ్యాచులకు చెప్పిననో," అని మాత్రం అంది.

రిపోర్టు పట్టుకుని మౌనిక తిరిగొచ్చింది. రక్తంలో అంతా సర్దుకుందని, రేపు ఇంటికి పంపేస్తారని చెప్పింది. వెళ్లబోతుంటే స్వరూప పిలిచింది.

"మౌనికా, గీడ కూసో."

"డ్యూటీల ఉన్న మేడం."

"కొద్దిసేపే. నీకు ఒకటి తప్పు చెప్పిన. సరిజెయ్యాలె."

మౌనిక బల్ల చివర కూర్చుంది. స్వరూప బల్ల చెక్క మీద వేలితో గుట్ట గీసింది. ఇవతల కార్బీన్, దాని పక్కన నిన్న సదానందాన్ని పడేసిన గాలి. ఆ గాలి పేరు ఆమే పలికింది. ఎక్కకుండా అవతలికి ఎలా పోతుందో, కార్బన్ అంత బరువైంది పోవడం ఎందుకంత వింతో, ఆ గదిలో తను ఏం చూసిందో చెప్పింది. మొదట తడబడింది. తర్వాత క్లాసులో చెబుతున్నట్టే చెప్పింది. మౌనిక కళ్లు పెద్దవి చేసి వింది.

"మరి గప్పుడు తప్పు ఎవలిది మేడం?"

స్వరూప వరండా అవతల ఎండలోకి చూసింది. తర్వాత, అనకూడని మాట అంటున్నట్టు, చాలా మెల్లగా అంది.

"నాది గాదు."

ఆ మాట ఆమె నోటికి కొత్త. నా వైపు తిరిగి ఇంకోసారి అంది.

"నాది గాదే పద్మా."